మల్లాపూర్‌లో అడిగినా అదే జవాబు

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు గణితానుగమనం మరిచిపోయే పాఠం కాదు. ముందు 1కి ప్రవచనం సత్యమని చూపాలి. తర్వాత ‘క’కి సత్యమనుకుని ‘క + 1’కి కూడా సత్యమని తేల్చాలి. చివర గణితానుగమన సిద్ధాంతం ప్రకారం అన్నిటికీ సత్యమని ఒక వాక్యం రాస్తే లెక్క అయిపోయినట్టే. కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో పేపర్లు దిద్దే లెక్చరర్, మధ్యలో ఒక మెట్టు రాయకపోయినా పిల్లవాడికి పద్ధతి తెలిసిందని గ్రహించి మార్కులు వేస్తారు. పెద్ద పెద్ద గణిత పత్రికలకు వచ్చే వ్యాసాల పద్ధతీ ఇదే. ‘ఇది స్పష్టమే’ అన్న మాట కింద ఎన్నో మెట్లు దాగి ఉంటాయి. చదివేవాళ్లు తమ అనుభవంతో వాటిని పూరించుకుంటూ పోతారు.

అలా పూరించుకోవడం బొత్తిగా తెలియని చదువరి ఒకటుంది. దాన్ని ప్రూఫ్ అసిస్టెంట్ అంటారు. మనం సిద్ధాంతాన్నీ రుజువునూ దాని భాషలో రాసిస్తే, ప్రతి మెట్టూ స్వీకృతాల నుంచీ తర్క నియమాల నుంచీ వచ్చిందో లేదో చూసే ప్రోగ్రామ్ అది. లీన్, రాక్ (నిన్నమొన్నటి దాకా దీని పేరు కోక్), ఇసబెల్, హెచ్‌ఓఎల్ లైట్ వీటిలో పేరున్నవి. వీటి గురించి వచ్చే వార్తల్లో గణితజ్ఞులూ, కృత్రిమ మేధా కనిపిస్తారు. టెర్మినల్ అనే నల్లని తెర మీద ఆదేశాలు కొట్టి వీటిని నడిపే చిన్న చిన్న పనిముట్ల గురించి ఎవరూ పెద్దగా రాయరు. మల్లాపూర్ మండలంలో ఓ ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థికి పిట్స్‌బర్గ్ ప్రొఫెసర్‌తో సమానంగా ఒక సిద్ధాంతాన్ని తనిఖీ చేసే అధికారం ఇచ్చింది మాత్రం ఆ పనిముట్లే. ఈ వ్యాసం వాటి గురించే.

ముందు తనిఖీ ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. లీన్‌లో సహజ సంఖ్యలు 0తో మొదలవుతాయి. కూడికకు నిర్వచనం రెండే వరుసలు:

క + 0 = క
క + (ఖ + 1) = (క + ఖ) + 1

ప్లస్ గుర్తుకు కుడివైపున్న సంఖ్యను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవడమే కూడిక అన్నమాట. ఇప్పుడు రెండు సిద్ధాంతాలు రాద్దాం. ఒకటి క + 0 = క. రెండోది 0 + క = క. మనకు రెండూ ఒకటే. రెండింటికీ రుజువుగా ‘ఆర్‌ఎఫ్‌ఎల్’ అని రాద్దాం. నిర్వచనాన్ని విప్పితే రెండు వైపులా ఒకటే వస్తుంది, చూసుకో అని దానర్థం. ఫైలు సేవ్ చేసి టెర్మినల్‌లో ‘లేక్ బిల్డ్’ అని కొడితే మొదటిది దాటుతుంది. రెండోదాని దగ్గర యంత్రం ఆగిపోతుంది. ఫైలు పేరు, ఎన్నో వరుస, ఆ వరుసలో ఎన్నో అక్షరం, అన్నీ చూపించి ఈ రెండు వైపులూ నిర్వచనం ప్రకారం ఒకటి కావంటుంది.

దాని మాటే సరైంది. కుడివైపున్న ‘క’ ఎంతో తెలియదు. సున్నా అయితే మొదటి వరుస వాడాలి, కాకపోతే రెండో వరుస వాడాలి. ఏదో తెలియకుండా విప్పడానికి దారి లేదు. ఇక్కడ ఇంటర్ పాఠం కావాలి. గణితానుగమనం వాడమని చెప్తే లీన్ పనిని రెండుగా చీలుస్తుంది. 0 + 0 = 0 నిర్వచనంతోనే తేలిపోతుంది. రెండో భాగం తెర మీద ఇలా ఉంటుంది:

ప : 0 + క = క
⊢ 0 + (క + 1) = క + 1

పైన ఉన్నది మన చేతిలో ఉన్న పరికల్పన. ఆ అడ్డగీత గుర్తు తర్వాత ఉన్నది ఇంకా తేల్చాల్సినది. కూడిక రెండో వరుస ప్రకారం ఎడమవైపు (0 + క) + 1 అవుతుంది. ‘ప’ వాడితే అది క + 1. అంతే. మళ్లీ ‘లేక్ బిల్డ్’ కొడితే బిల్డ్ విజయవంతమైందన్న వరుస వస్తుంది. లోపల ఆ ఆదేశం ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక అంకె తిరిగిస్తుంది. 0 వస్తే అంతా సరి, ఇంకేదైనా వస్తే తప్పు. వేల ఫైళ్లున్న ప్రాజెక్టుల్లో సర్వర్లు చూసేది ఈ అంకెనే. దాన్ని బట్టే ఒక మార్పును లోపలికి రానివ్వాలో వద్దో తేలుతుంది.

రుజువును యంత్రంతో సరిచూపించవచ్చన్న ఆలోచన పాతదే. 1961లో జాన్ మెకార్తీ గణిత రుజువులను సరిచూసే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల గురించి ఒక పత్రం సమర్పించారు. మన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి ఆ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ అందుకున్నారు. ఆయన ఎంచుకున్నది యంత్రం మాటను గుర్తుపట్టే రంగం. రుజువుల దారి వేరేవాళ్లు పట్టారు. 1969లో రాజ్‌రెడ్డి కార్నెగీ మెలన్‌కు వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు రాబిన్ మిల్నర్ స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు వచ్చి, 1972లో ఎల్‌సీఎఫ్ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. ఇవాళ్టి ప్రూఫ్ అసిస్టెంట్లలో చాలావాటికి అది తాత వరుస అవుతుంది.

ఎల్‌సీఎఫ్ వాడేవారు టెర్మినల్ ముందు కూర్చుని ఒక్కో ఆదేశం ఇస్తూ పోయేవారు, యంత్రం మిగిలిన పనిని చూపిస్తూ ఉండేది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, రుజువులోని ప్రతి మెట్టునూ అది జ్ఞాపకంలో దాచుకునేది. రుజువు కాస్త పెద్దదైతే మెమరీ నిండిపోయేది. మిల్నర్ ఎడిన్‌బరో వెళ్లాక దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు కంప్యూటర్ శాస్త్రంలోని అందమైన ఆలోచనల్లో ఒకటిగా తోస్తుంది. మెట్లను దాచొద్దు, ఫలితాన్నే దాచుదాం. అయితే ‘సిద్ధాంతం’ అనే రకానికి చెందిన వస్తువును తయారుచేసే అనుమతి తర్క నియమాలను అమలుచేసే కొన్ని ఫంక్షన్లకే ఇద్దాం. మిగతా ప్రోగ్రామ్ ఎంత పెద్దదైనా, ఎన్ని తప్పులతో ఉన్నా, ఆ ఫంక్షన్లను పిలవకుండా సిద్ధాంతాన్ని పుట్టించలేదు. ఈ కట్టుబాటును భాషే కాపాడాలి కాబట్టి ఎంఎల్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాష పుట్టింది. ఒక పనిముట్టు కోసం భాషే పుట్టిందన్నమాట. దాని వంశంలోని ఓక్యామల్‌తోనే రాక్‌ను రాశారు, హెచ్‌ఓఎల్ లైట్‌ను కూడా. నమ్మాల్సిన ఆ చిన్న భాగాన్ని కెర్నెల్ అంటారు. హెచ్‌ఓఎల్ లైట్ కెర్నెల్ కొన్ని వందల వరుసలే. ఓపికున్న మనిషి కూర్చుని చదివేయొచ్చు.

లీన్, రాక్ ఇంకొంచెం వేరే దారిలో నడుస్తాయి. 1960ల చివర నెదర్లాండ్స్‌లో నికోలాస్ డి బ్రయన్ మొదలుపెట్టిన ఆటోమాథ్ ఆ దారి వేసింది. అందులో రుజువే ఒక వస్తువు. దాన్ని ఫైల్లో పెట్టి ఎవరికైనా పంపొచ్చు, వాళ్లు తమ సొంత ప్రోగ్రామ్‌తో సరిచూసుకోవచ్చు. రుజువును ఎలా కనిపెట్టారన్నది ఎవరికీ అక్కర్లేదు. సరిచూసే ప్రోగ్రామ్ మాత్రం చిన్నదిగా, ఎవరైనా రాసుకోగలిగినంత తేలిగ్గా ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకో కెప్లర్ ప్రకల్పన కథ చెబుతుంది. బండి మీద బత్తాయిలు పేర్చినట్టు గోళాలను పేర్చితే, అంతకంటే ఇరుకుగా పేర్చే పద్ధతి లేదన్నది 1611లో కెప్లర్ అన్న మాట. 1998లో టామస్ హేల్స్ దీన్ని రుజువు చేశానన్నారు. ఆ రుజువులో వందల పేజీల గణితం, దాంతోపాటు బోలెడు కంప్యూటర్ లెక్కలు ఉన్నాయి. పన్నెండు మంది నిపుణులు ఏళ్ల తరబడి చూసి, 99 శాతం నమ్మకం కుదిరిందన్నారు. మిగిలిన ఆ ఒక్క శాతం హేల్స్‌ను నిద్రపోనివ్వలేదు. 2003లో ఫ్లైస్పెక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, హెచ్‌ఓఎల్ లైట్, ఇసబెల్ సాయంతో రుజువు మొత్తాన్నీ యంత్రం చేత సరిచూపించారు. 2014 ఆగస్టు 10న అది పూర్తయింది. అందులో అసమీకరణాల భాగానికే సుమారు 5,000 ప్రాసెసర్ గంటలు పట్టాయి. అంత పని అద్దె సర్వర్ల మీద ఒకేసారి నడవాలంటే కిటికీల్లో బొమ్మలు నొక్కుతూ కుదరదు. ఆదేశాల వరుసను ఫైల్లో రాసి యంత్రాలకు అప్పగించాల్సిందే.

ఇక మల్లాపూర్ ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. లీన్ నేర్చుకోవాలంటే మొదట ఇన్‌స్టాల్ చేసేది లీన్‌ను కాదు, ‘ఎలాన్’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను. లీన్ త్వరత్వరగా మారుతుంటుంది. పోయిన ఏడాది రాసిన రుజువు ఈ ఏటి వెర్షన్‌లో నడవకపోవచ్చు. అందుకని ప్రతి ప్రాజెక్టు ఫోల్డర్‌లో, ఇది ఫలానా వెర్షన్‌తో నడవాలి అని ఒక్క వరుస ఉన్న ఫైలు ఉంటుంది. టెర్మినల్‌లో మనం లీన్ అని పిలిస్తే ముందు పలికేది ఎలానే. ఆ ఫైలు చదివి, కావలసిన వెర్షన్ కంప్యూటర్‌లో లేకపోతే తెచ్చుకుని, దానికి పని అప్పగిస్తుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో నాలుగు ప్రాజెక్టులు నాలుగు వెర్షన్లతో గొడవ లేకుండా ఉండగలవు.

రెండో పనిముట్టు పైన మనం వాడిన ‘లేక్’. ఏ ఫైలు ఏ ఫైలు మీద ఆధారపడిందో చూసుకుని, ఆ వరుసలో కంపైల్ చేయడం దాని పని. ఒక ఫైలు మారితే దాన్నీ, దాని మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే మళ్లీ చూస్తుంది. ఇతరుల లైబ్రరీలు వాడుకుంటే, వాటి కచ్చితమైన స్థితిని 40 అక్షరాల గిట్ గుర్తుతో ఒక ఫైల్లో నమోదు చేసి పెడుతుంది. ‘కొత్తది తెచ్చుకో’ అని ఊరుకుంటే నా దగ్గర నడిచింది నీ దగ్గర నడవకపోవచ్చు. ఆ 40 అక్షరాలు ఉంటే ఇద్దరి దగ్గరా ఒకే అక్షరం, ఒకే చుక్క. మల్లాపూర్‌లో అడిగినా అదే జవాబు వస్తుందన్న భరోసా ఈ రెండు చిన్న ఫైళ్ల మీద నిలబడి ఉంది.

మూడోది మన ఊళ్లకు ఇంకా ముఖ్యం. లీన్‌కు మాథ్‌లిబ్ అనే ఉమ్మడి గణిత లైబ్రరీ ఉంది. 2017లో మొదలై 15 లక్షల వరుసలు దాటింది. దాన్ని మొదటి నుంచి కంపైల్ చేస్తే మామూలు ల్యాప్‌టాప్ గంటల తరబడి వేడెక్కుతుంది. కరెంటు, బ్యాటరీ, ఓపిక అన్నీ పోతాయి. అందుకే ‘లేక్ ఎగ్జి క్యాష్ గెట్’ అనే ఆదేశం. సర్వర్లు ముందే కంపైల్ చేసిన ఫైళ్లను దించుకొస్తుంది. కొన్ని జీబీలు డిస్క్ మీద చోటు కావాలి, ఆ తర్వాత రుజువులు రాయడం మొదలుపెట్టొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. దించుకున్నది ఇంకొకరు సరిచూసిన ఫలితం, అంటే మళ్లీ ఎవరినో నమ్ముతున్నట్టే. ఆ నమ్మకం ఇష్టం లేనివారి కోసం ఇంకో ప్రోగ్రామ్ ఉంది. కంపైల్ అయిన ఫైళ్లలోని ప్రతి రుజువునూ మన కంప్యూటర్‌లోనే కెర్నెల్ ముందు మళ్లీ పెట్టి చూపిస్తుంది. రాక్‌లో ‘కోక్‌చెక్’ ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే పని.

కొత్తగా వచ్చేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ‘సారీ’ గురించి. పెద్ద రుజువు రాస్తున్నప్పుడు, ఈ భాగం తర్వాత చూద్దాం అనుకుంటే అక్కడ ‘సారీ’ అని రాయొచ్చు. లీన్ దాన్ని తాత్కాలికంగా ఒప్పుకుంటుంది. ఇంటి నిర్మాణంలాగే పెద్ద రుజువుకు కూడా ముందు స్తంభాలు వేసి గోడలు తర్వాత కట్టే వీలుండాలి కనుక ఇది చాలా పనికొచ్చే సదుపాయం. అయితే ‘సారీ’ మిగిలిన ఫైలు కూడా బిల్డ్ అయిపోతుంది, 0 కూడా తిరిగొస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం తెర మీద కనబడుతుంది. దాన్ని చూడకుండా రుజువైపోయిందని చాటుకోవడం సులభం. హెచ్చరికను కూడా తప్పుగానే లెక్కించమని లేక్‌కు చెప్పే ఐచ్ఛికం ఉంది. అంతకన్నా గట్టిది, ఈ సిద్ధాంతం ఏయే స్వీకృతాల మీద నిలబడింది అని లీన్‌నే అడిగే ఆదేశం. మామూలు గణితానికి మూడు స్వీకృతాలు చాలు. నాలుగో పేరు కనబడితే ఆగి చూడాలి. ఎక్కడో లోతున, నాలుగు ఫైళ్ల అవతల దాగిన ‘సారీ’ కూడా ఆ జాబితాలో బయటపడుతుంది. యంత్రాలు తామే రుజువులు రాస్తున్న ఈ రోజుల్లో ఆ ఒక్క ఆదేశం విలువ ఇంకా పెరిగింది. 2024 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కలకు గూగుల్ డీప్‌మైండ్ వారి ఆల్ఫాప్రూఫ్ ఇచ్చిన జవాబులను నమ్మగలిగామంటే, అవి లీన్ భాషలో ఉండి కెర్నెల్ ముందు నిలిచినందువల్లే.

కెర్నెల్‌లోనే తప్పుంటే? అది ఊహ మాత్రమే కాదు, అలాంటివి దొరికాయి కూడా. రాక్ తయారుచేసేవారు తమ కెర్నెల్‌లో ఇంతవరకు బయటపడ్డ ప్రమాదకరమైన తప్పుల జాబితాను సోర్స్ కోడ్‌తోపాటే బహిరంగంగా ఉంచుతారు. ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏ వెర్షన్‌లో పోయింది, దాన్ని వాడి అసత్యాన్ని రుజువు చేయడం ఎంత తేలిక, అన్నీ అందులో ఉంటాయి. ఇంత నిజాయితీ గల ఫైలు ఏ రంగంలోనైనా అరుదు. లీన్ విషయంలో రుజువులన్నిటినీ ఒక సాదా ఫైలుగా ఎగుమతి చేసే ప్రోగ్రామ్ ఉంది. ఆ ఫైలును చదివి సరిచూసే వేరే ప్రోగ్రామ్‌లను వేరేవాళ్లు రాశారు. వాటిలో రస్ట్ భాషలో రాసిన ‘నానోడా’ ఒకటి. ఇక మారియో కార్నెరో లీన్ కెర్నెల్‌ను లీన్ భాషలోనే తిరగరాశారు. వేర్వేరు మనుషులు, వేర్వేరు భాషల్లో రాసిన ప్రోగ్రామ్‌లన్నీ ఒకే చోట ఒకే తప్పు చేయడం చాలా అరుదు.

ప్రూఫ్ అసిస్టెంట్‌నే తయారుచేసేవారి పనిముట్లు ఇంకో మెట్టు పైన ఉంటాయి. లియోనార్డో డి మౌరా 2013లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలుపెట్టిన లీన్, నాలుగో తరానికి వచ్చేసరికి చాలావరకు లీన్ భాషలోనే రాసిన ప్రోగ్రామ్ అయింది. కెర్నెల్ మాత్రం సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. మరి లీన్‌ను కంపైల్ చేయడానికి లీన్ కావాలి కదా, మొదటిది ఎక్కడి నుంచి వస్తుంది? సోర్స్ కోడ్‌లో ‘స్టేజ్ 0’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో అంతకుముందటి లీన్ తనను తాను సీ భాషలోకి మార్చుకున్న కోడ్ ఉంటుంది. ఏ కంప్యూటర్‌లోనైనా దొరికే సీ కంపైలర్ దాన్ని నడిచే లీన్‌గా మారుస్తుంది. ఆ పాత లీన్ కొత్త సోర్స్‌ను కంపైల్ చేస్తే ‘స్టేజ్ 1’. ఆ స్టేజ్ 1 అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేస్తే ‘స్టేజ్ 2’, అంటే కొత్త లీన్ తనను తాను తయారుచేసుకోగలిగిందని రుజువు. ఇదంతా ‘మేక్’ అనే పాతకాలపు యూనిక్స్ ఆదేశంతోనే జరుగుతుంది.

పరీక్షలు కూడా అంతే సాదాగా ఉంటాయి. ఒక చిన్న లీన్ ఫైలు, దాని పక్కన ఆ ఫైలుకు తెర మీద ఏ మాటలు రావాలో రాసిన ఇంకో ఫైలు. రెండింటినీ పోల్చి చూసి, ఒక్క అక్షరం తేడా వచ్చినా పరీక్ష తప్పినట్టే. తప్పుడు రుజువులకు సరైన తప్పు సందేశం వస్తోందా అన్నది కూడా ఇలాగే చూస్తారు. రుజువులు సరిచూసే ప్రోగ్రామ్‌కు తిరస్కరించడం కూడా ముఖ్యమైన పనే కదా. ఆ పైన, లీన్‌లో మార్పు చేసినప్పుడు మాథ్‌లిబ్‌ను దానితో కట్టి చూసే ఏర్పాటు ఉంది. లక్షల వరుసల గణితమే అక్కడ పరీక్ష పేపర్.

ఈ విద్యకు మన చుట్టుపక్కల చోటుందా అని అడిగేవాళ్లుంటారు. 1994లో ఇంటెల్ పెంటియం చిప్ భాగహారంలో తప్పు చేసి, ఆ సంస్థకు 47.5 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. ఆ మరుసటి ఏడు ఏఎండీ తన కే5 చిప్‌లోని భాగహారాన్ని ఏసీఎల్2 అనే ప్రూఫ్ అసిస్టెంట్‌తో సరిచూపించింది. ఇవాళ ఆ రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రాలున్నాయి. రాజ్‌రెడ్డి డీన్‌గా పనిచేసిన కార్నెగీ మెలన్‌లో 2021లో జెరెమీ అవిగాడ్ సారథ్యంలో గణిత రుజువుల కోసమే హాస్కిన్సన్ కేంద్రం ఏర్పడింది. పల్లెటూరి పిల్లల కోసం 2008లో పుట్టిన ఆర్‌జీయూకేటీ ఏర్పాటులోనూ రాజ్‌రెడ్డి పాత్ర పెద్దది, ఆ విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా కూడా పనిచేశారు. అందులో భాగంగా మొదలైన బాసర క్యాంపస్ మల్లాపూర్‌కు ఎగువన గోదావరి తీరంలోనే ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఈ పనిముట్లన్నీ ఉచితం, సోర్స్ కోడ్ అందరిదీ. వీటిని ఎమ్మెస్సీ దాకా ఆపకుండా బీటెక్ మొదటి ఏడాదిలోనే పిల్లల చేతికివ్వాలని నా గట్టి అభిప్రాయం. ల్యాప్‌టాప్ లేనివాళ్లు సహజ సంఖ్యల ఆటతో మొదలుపెట్టొచ్చు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ గణితజ్ఞుడు కెవిన్ బజర్డ్, మహమ్మద్ పెద్రామ్‌ఫర్ కలిసి చేసిన ఆ ఆట బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

సిద్ధాంతాలకు తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు కూడా. లీన్ మామూలుగా ఒప్పుకునే అక్షరాల్లో తెలుగు లేదు. కానీ పేరును « » గుర్తుల మధ్య పెడితే ఏ లిపైనా చెల్లుతుంది. «కూడిక క్రమం మారినా ఫలితం ఒకటే» అని ఒక సిద్ధాంతానికి పేరు పెడితే కెర్నెల్‌కు ఏ అభ్యంతరమూ ఉండదు.

ఇన్ని తనిఖీలు దాటినా ఒక పని మనిషికే మిగులుతుంది, అది ప్రవచనాన్ని చదవడం. లీన్ సహజ సంఖ్యల్లో రుణ సంఖ్యలు లేవు. అందుకని అక్కడ 3 – 5 విలువ 0 అని నిర్వచించారు. (క – ఖ) + ఖ = క అని సిద్ధాంతం రాస్తే రుజువు కుదరదు, 3, 5 పెట్టి చూస్తే 0 + 5, అంటే 5 వస్తుంది. ఇది నయం, యంత్రమే ఆపేసింది. అసలు ప్రమాదం అటు తిరిగినప్పుడు వస్తుంది. 3 – 5 = 0 అన్నది లీన్‌లో ఒక్క మాటతో రుజువైపోతుంది, స్వీకృతాల జాబితా శుభ్రంగా ఉంటుంది, బిల్డ్ 0 తిరిగిస్తుంది. బడిలో చెప్పుకునే తీసివేతే అక్కడా ఉందనుకుని పెద్ద సిద్ధాంతం రాసినవారికి, తాము అనుకున్నది ఒకటి, రుజువైంది ఇంకొకటి అవుతుంది. చికిత్స రెండు రకాలు. సంఖ్యలను పూర్ణ సంఖ్యలుగా ప్రకటించడం, లేదా ఖ ≤ క అన్న షరతును ముందే రాయడం. ఏది కావాలో తెలియాలంటే రుజువును పక్కన పెట్టి, దాని పైన ఉన్న ఆ ఒక్క వరుసను నెమ్మదిగా చదవాలి.